రచయిత్రి గారి భర్త

మా ఆయన సంతాప సభకు కట్టిన బ్యానరు మీద నా ఫొటో పెద్దదిగా వేశారు. ఆయన ఫొటో ఓ మూలన బిళ్లంత ఉంది. పైన "ప్రముఖ నవలా రచయిత్రి శ్రీమతి అనూరాధ గారి భర్త ఉమాశంకర్ గారి సంతాప సభ" అని రాయించారు. విజయనగరంలో ఓ లైబ్రరీ హాలు, పాఠకుల సంఘం వాళ్లు పెట్టిన సభ. బ్యానరుకి వేలాడదీసిన పూలదండ గాలికి జరిగి జరిగి ఫొటోలో నా మొహం మీదికి వచ్చేసింది, ఎవరూ సర్దలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. పోయింది ఆయన. నా పేరు మీద ఉన్న నవలలన్నీ రాసింది కూడా ఆయనే. ఆ హాలు మొత్తం మీద ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

మాది నెల్లిమర్ల. ఆయన జూట్ మిల్లు టైమాఫీసులో గుమస్తా. మా పెళ్లయిన కొత్తలో ఒక వారపత్రిక ఆడవాళ్లకు మాత్రమే అని కథల పోటీ పెట్టింది. ఈయనకి అప్పటికే రాసే పిచ్చి ఉంది. పంపిన కథలన్నీ పంపిన దారినే తిరిగొచ్చేవి.

"ఏటే అనూ, నీ పేరు ఓసారి నాకియ్యే" అన్నాడు.

"తీసుకో మావా. నానేటి దానికి తాళమేసి పెట్టుకున్నానా?" అన్నాను.

ఆ కథకి మొదటి బహుమతి వచ్చింది. రచయిత్రి ఫొటో పంపమని కబురు. మా దగ్గరున్నది పెళ్లి ఫొటో ఒక్కటే. అందులో తన్ని తానే కత్తెరతో తీసేసి నన్ను పంపాడు. ఆ వారం పత్రికలో నా బొమ్మ చూసి ఆయన పొంగిపోయిన తీరు చూస్తే, బహుమతి నిజంగా నాకే వచ్చిందనుకోవాలి.

ఒక్కసారి అన్నది అక్కడితో ఆగలేదు. విశాఖపట్నం నుంచి జగన్నాధం గారనే పబ్లిషరు నవల అడిగాడు. అద్దె పుస్తకాల షాపుల్లో ఆడపేరు ఉంటేనే పుస్తకం తిరుగుతుందన్న రోజులు. నవల వెంట నవల వచ్చింది. షాపులు మూతబడ్డాక కూడా పేరు మూతబడలేదు. ఫోన్లలో సీరియల్‌గా చదివేవాళ్లు తయారయ్యారు. ఇన్నేళ్లూ జగన్నాధం గారు ఫోన్ చేస్తే ఈయనే ఎత్తి, "మేడం రాసుకుంటన్నారండీ, కదపకూడదు" అని నాకేసి కన్నుకొట్టేవాడు. మేడం అప్పుడు రోట్లో పచ్చడి నూరుతూ ఉండేది.

నేనేదో ఊరికే కూర్చుని పేరు తిన్నానని మాత్రం అనుకోవద్దు. సాయంత్రం మిల్లు నుంచి రాగానే పీట వేసుకుని వంటింట్లో కూర్చుని రాసింది చదివి వినిపించేవాడు. నేను కూరలు తరుగుతూ వినేదాన్ని. నచ్చకపోతే మొహం మీదే చెప్పేదాన్ని. "మన మిల్లు లైన్ల ఇళ్లల్లో ఆడోళ్లు ఇలాగ మాట్లాడతారేటి? సినిమాలో దానిలాగుంది" అంటే అలిగి అన్నం దగ్గర మాట్లాడేవాడు కాదు. మర్నాటికి మార్చి తెచ్చేవాడు. నేను చేసిన పని అంతే. వినడం, విసుక్కోవడం.

సభలకు వెళ్లే ముందు నాకు పాఠం చెప్పేవాడు. "నీ పాత్రల్ని ఇలా ఎందుకు నడిపించారని అడిగితే ఏటనాలి?" అని అడిగేవాడు. నేను బడిపిల్లలా చేతులు కట్టుకుని, "పాత్రలు నా మాట వినవండీ, అవే నన్ను నడిపిస్తాయండీ" అని అప్పజెప్పేదాన్ని. సభలో అదే అంటే చప్పట్లే చప్పట్లు. వెనక వరసలో కూర్చుని ఆయన అందరికంటే గట్టిగా కొట్టేవాడు.

అలా వచ్చిందే సుహాసిని కథ. మూడు భాగాల నవల అని ముందే ప్రకటించారు. మొదటిది 'ఏరు పొంగిన రోజు'. మిల్లు కార్మికుడి కూతురు సుహాసిని, మొగుడు గోపితో మాటామాటా అనుకుంటుంది. చంపావతి ఏటికి వరద వచ్చిన రోజున అతను ఇంట్లోంచి వెళ్లిపోతాడు. రెండోది 'ఏరు ఇంకిన రోజు'. దాని చివర్లో, వంతెన మీద ఎవరో అటు తిరిగి నిలబడి ఉంటాడు. గోపి వేసుకునే గళ్ల చొక్కాయే. సుహాసిని పిలుస్తుంది. అక్కడ పుస్తకం అయిపోయింది.

జనం నన్ను బతకనివ్వలేదు. చేపల బజారులో కూడా ఆపి, "మేడం, ఆ నిలబడ్డోడు గోపేనా?" అనేవారు. నాకు తెలిస్తే కదా! నేనూ వాళ్లలాగే కొట్టుకుపోతున్నాను.

"నాకైనా సెప్పు మావా" అని ఎన్నిసార్లు బతిమాలానో.

"నీకు సెప్తే నీ మొకం మీద తెలిసిపోతాది. అంతా నా బుర్రలో ఉన్నాదే. కాగితం మీదకి దించడమే తరవాయి" అనేవాడు.

దించకుండానే పోయాడు. పొద్దున్న డ్యూటీకని వెళ్లి, మిల్లు గేటు ముందు టీ తాగుతూ గుండె పట్టుకుని కూర్చుండిపోయాడు. విజయనగరం తీసుకెళ్తుంటే దారిలోనే అయిపోయింది. పిల్లలు లేరు మాకు. ఆయనకి నేను, నాకు ఆయన. ఇంటికి తెచ్చి చాప మీద పడుకోబెట్టారు.

ఫోన్లలో ముందు నేనే పోయానని వార్త తిరిగింది. తర్వాత ఎవరో సరిచేశారు, పోయింది రచయిత్రి కాదు, ఆవిడ భర్త అని. దాని కింద జనం వరసగా "హమ్మయ్య" అని రాశారు. "దేవుడున్నాడు, మూడో భాగం వస్తుంది" అని రాశారు. వాళ్లకేం తెలుసు, తిట్టి ఏం లాభం. ఆ హమ్మయ్యలు చదివి పొయ్యి దగ్గర కూలబడి ఏడ్చాను.

పరామర్శకు వచ్చినవాళ్లూ అంతే. నన్ను కావలించుకోవడం, ఓదార్చడం, లేవబోతూ "మీరు కోలుకున్నాకే రాయండి మేడం, మేం ఆగుతాం" అనడం. రచయిత చనిపోతే పేపర్లలో ఫొటో వేస్తారు, నాలుగు మంచి మాటలు రాస్తారు. నా మొగుడికి ఆ నాలుగు మాటలూ దక్కలేదు. బతికినన్నాళ్లూ ఆయనకి అక్కర్లేకపోవచ్చు. పోయాక నాకు కావాలనిపించింది. రాసింది ఉమాశంకర్ అని లోకానికి తెలియాలి, అంతే. అందుకే ఆ సంతాప సభకు ఒప్పుకున్నాను.

సభకు అధ్యక్షుడు దేవేంద్ర గారు, రిటైరైన లెక్చరరు. ఒక్కొక్కరే లేచి మా ఆయన గురించి మాట్లాడారు. ఇంటికెళ్తే ఎంత మంచి టీ ఇచ్చేవారో ఒకరు చెప్పారు. మేడం సంచి ఎంత ఓర్పుగా మోసేవారో ఇంకొకరు చెప్పారు. ఒకాయనైతే, ఇంత గొప్ప భార్య పక్కన ఉండి కూడా ఆయనకి చిన్నతనం లేదని మెచ్చుకున్నాడు. ఇంక నావల్ల కాలేదు. లేచి మైకు లాక్కున్నాను.

"టీలు, సంచులు కాదండీ. నవలలు రాసింది ఆయన. అన్నీ ఆయనే. నేనొక్క ముక్క రాయలేదు. మీ రచయిత పోయాడు. ఈ దండ రచయితకి వెయ్యండి" అన్నాను.

హాల్లో చప్పట్లు మొదలయ్యాయి. ముందు వరసలో ఆడవాళ్లు కొంగులతో కళ్లు తుడుచుకుంటున్నారు. దేవేంద్ర గారు కళ్లజోడు తీసి, "భర్తను పోగొట్టుకున్న ఇల్లాలు తన జీవితకాలపు కీర్తినంతా ఆయన పాదాల దగ్గర పెట్టేసింది. ఇలాంటి మాట ఒక మహా రచయిత్రి మాత్రమే అనగలదు" అన్నాడు.

"నిజమండీ బాబూ! వట్టిమాట చెప్పట్లేదు!" అని అరిచాను. చప్పట్లు ఇంకా పెరిగాయి.

రుజువు ఉండాలి కదా అని ఆయన రాసిన కాగితాలు సంచిలో వేసుకొచ్చాను. తీసి దేవేంద్ర గారి చేతిలో పెట్టి, "ఇదిగోండి, దస్తూరి ఆయనదే, చూసుకోండి" అన్నాను. ఆయన వాటిని అందరికీ కనబడేలా పైకెత్తి పట్టుకున్నాడు. "చూశారా! మేడం చెబుతూ ఉంటే ఎంత గుండ్రంగా, ఎంత ఓపిగ్గా రాసి పెట్టారో! ఇలాంటి భర్త ఎవరికి దొరుకుతాడు?" అన్నాడు. ఇంక ఏం చెయ్యను. ఇన్నేళ్లూ ఆయన చెప్పిన పాఠం నేను మరీ బాగా అప్పజెప్పినట్టున్నాను. ఒక్కడంటే ఒక్కడు నమ్మలేదు.

వెనక్కి వస్తుంటే ఆటోలో మా ఆడపడుచు అసిరమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆయనకి సొంత అక్క, నరసన్నపేట నుంచి కర్మలకు వచ్చి ఉండిపోయింది.

"మా తమ్ముడి పరువు కోసం అంతమందిలో ఎంత అబద్దమాడేవే తల్లీ! నీ మనసు ఎన్నపూసే" అంది.

"అబద్దం కాదు వదినా. నీ తమ్ముడే రాసేడు."

"ఊరుకోయే. ఆడి సంగతి నాకు తెల్దా? బతికున్నన్నాళ్లూ అక్కకి ఓ ఉత్తరం ముక్క రాసినోడు కాడు. ఆడు నవల్లు రాసేడంటే నానెలా నమ్ముతాను?"

తోడబుట్టినదే నమ్మకపోతే ఊళ్లోవాళ్ల మీద కోపమెందుకు? ఇంటిదాకా తల బయటికి పెట్టి కూర్చున్నాను.

ఆఖరికి జగన్నాధం గారికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన వ్యాపారస్తుడు, ఏడవలేదు, మెచ్చుకోలేదు. "సరేనమ్మా, అదే నిజమనుకుందాం. ఆ నిజం ఎవరికి కావాలి? జనానికి మూడో భాగం కావాలి. మీకు ఓపిక లేదంటే చెప్పండి, చెయ్యి తిరిగినవాళ్లు నా దగ్గర ఉన్నారు, రాయించేస్తాను. పేరు మీదే ఉంటుంది. తేడా ఎవరికీ తెలీదు" అన్నాడు.

తేడా ఎవరికీ తెలీదు! ఆ మాట నన్ను కొట్టినట్టయింది. మా ఆయన లేకపోతే తేడా తెలియదా? ఫోన్ పెట్టేసి ఇల్లంతా తిరిగాను, గిన్నెలు విసిరికొట్టాను. అప్పుడే నాకో ఆలోచన తట్టింది. చెయ్యి తిరిగినవాడు రాస్తే తెలీదు, నిజమే. అదే నేను రాస్తే? కలం పట్టడం రానిదాన్ని. మొదటి పేజీకే జనం ఉమ్మేస్తారు. ఇదేం రాత, ముందు రెండు భాగాలు రాసిన మనిషేనా ఇది రాసిందని నిలదీస్తారు. అప్పుడైనా, మరి అవి రాసిందెవరని అడగాలి కదా. నేను చెప్తే నమ్మనివాళ్లు వాళ్ల కళ్లను వాళ్లు నమ్ముతారు కదా. నేను రాసిన చెత్తే ఆయనకి సాక్ష్యం.

మళ్లీ ఫోన్ చేసి, "ఎవరూ వద్దు, నేనే రాస్తాను. ఒక్క అక్షరం మార్చకూడదు" అన్నాను.

మధ్యాహ్నాలు వంటింట్లో ఆయన పీట మీద కూర్చుని రాశాను. కావాలని పాడుచెయ్యలేదు. పాడుచెయ్యాలన్నా ఆ మాత్రం విద్య ఉండాలి. నోటికి ఎలా వస్తే అలా పెట్టాను. సుహాసిని పిలిచింది. వంతెన మీద మనిషి ఇటు తిరిగాడు. గోపి కాదు. బొబ్బిలి వెళ్లే బస్సు కోసం నిలబడ్డ ఎవరో పరాయి మనిషి. "ఎవుల్ని పిలుస్తన్నావమ్మా?" అన్నాడు. ఎవర్నీ కాదని చెప్పి సుహాసిని ఇంటికి వచ్చేసింది. గోపి ఆ వరద రోజునే పోయాడు, ఇంక రాడు.

మా ఆయనైతే అక్కడి నుంచి పది మలుపులు తిప్పేవాడు. నాకొక్క మలుపూ చేతకాలేదు. సుహాసిని ఇద్దరికి సరిపడా అన్నం వండుతుంది, మిగిలింది చూసి పొయ్యిని తిడుతుంది. దండెం మీద అతని లుంగీ ఉతకదు, వాసన పోతుందని. పక్కింటివాళ్లు ఓదారిస్తే వాళ్ల మీద అరుస్తుంది. ఎవరూ లేనప్పుడు గోడకేసి చూసి, "నీకేటి, హాయిగా ఎల్లిపోనావు. నన్నిక్కడ ఎవుల్తో మాట్లాడమన్నావు?" అని పోయినవాణ్ని నిలదీస్తుంది. పుస్తకమంతా అంతే. కథ లేదు, కల్పన లేదు. నాకు ఏం జరుగుతోందో అదే. తిరిగి చదవనైనా చదవకుండా పంపించేశాను. ఆ రోజు, ఆయన పోయాక మొదటిసారి, కడుపునిండా అన్నం తిన్నాను. ఇంక తిట్లు వస్తాయి, ఆయన పేరు బయటపడుతుందని నా ధైర్యం.

'ఏరు దాటిన రోజు' బయటికి వచ్చింది. తిట్లు రాలేదు.

జగన్నాధం గారు ఫోన్ చేసి, వాళ్ల ఆవిడ చదివి ఇంట్లో ఎవరితోనూ మాట్లాడటం లేదన్నాడు. వేసిన కాపీలు వేసినట్టే చెల్లిపోయాయట, మళ్లీ అచ్చేస్తున్నారట. ముందు రెండూ కలిపి అమ్మినదానికంటే ఇదొక్కటే ఎక్కువ పోయేలా ఉందట. ఫోన్ తీస్తే చాలు, చదివి ఏడ్చామని చెప్పేవాళ్లే. నేను పిచ్చిదానిలా ఫోన్లో జనం రాసినవి కిందికి జరుపుతూ, ఒక్కరైనా బాలేదన్నారేమోనని వెతికేదాన్ని. ఒక కుర్రాడు "స్టోరీ ఏమీ లేదు" అని రాశాడు. వాణ్ని ముద్దు పెట్టుకోవాలనిపించింది. కింద వాడే "అయినా మా అమ్మ గుర్తొచ్చింది" అని రాసి చెడగొట్టాడు.

అలాంటి రోజుల్లో దుర్గాభవాని వచ్చింది. నరసన్నపేటలో బట్టల కొట్టు ఉంది వాళ్లకి. నా పేరు మీద వచ్చిన ప్రతి నవలా మొదటి రోజుల నుంచీ చదివిన మనిషి, ఎన్నో సభల్లో చూశాను. బస్సులో వచ్చింది, సంచిలో కొత్త పుస్తకం ఉంది. మంచినీళ్లు తాగి, కాసేపు కొంగు నలుపుతూ కూర్చుంది.

"మేడం, ఒక మాటంటాను. ఏటీ అనుకోకండి."

"చెప్పమ్మా."

"ముందు రెండు బాగాలకీ దీనికీ సాలా తేడా ఉన్నాది మేడం."

ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను. "చెప్పు తల్లీ, చెప్పు. ఏం తేడా?"

"ఎలా సెప్పాలో తెలీదు మేడం. అవి రెండూ ఇంకెవులో రాసినట్టుంటాయి."

వచ్చేసింది! నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి. ఒక్క మనిషికి తెలిసింది. లోకం మొత్తం మీద ఒక్క మనిషి కనిపెట్టింది. "అవునమ్మా, ఇంకొకరే రాశారు. ఎవరో చెప్పనా? మా ఆయన..."

"అదే మేడం నానంటన్నది" అని ఆమె నా మాట పూర్తి కానివ్వలేదు. ఆమె కళ్లలోనూ నీళ్లు తిరుగుతున్నాయి. "మీ ఆయన పోయేక గానీ మీలో అసలు రచయిత్రి బయటికి రానేదు. అవి సదివిస్తాయి, కాదన్ను. మలుపులూ అవీ బాగుంటాయి. పుస్తకం మూసేస్తే ఇంకేటీ ఉండదు. దీని ముందర అవెందుకు మేడం? మా ఆయన పోయి మూడేళ్లు. నాను గోడతో మాట్లాడతానని మా కోడళ్లు నవ్వుతారు. ఇది సదివేక నాకు సిగ్గు పోయింది. పాతవన్నీ మా ఈది పిల్లలకి ఇచ్చీసేను. ఇదొక్కటీ దాసుకుంటాను."

నేను ఆమె చేతులు వదిలేశాను. ఆమె మాటల్లో అబద్ధం లేదు, నన్ను పొగడాలనీ లేదు. గోడతో మాట్లాడే మనిషికి ఓదార్పు దొరికింది. అది తప్పంటానా? కానీ ఇన్నేళ్లు మిల్లు నుంచి అలిసిపోయి వచ్చి, పీట మీద కూర్చుని, నేను విసుక్కుంటే దిద్ది, దిద్ది రాసిన మనిషి ఏమైపోవాలి? ఆయన తరఫున సాక్ష్యం చెప్పబోయి ఆయన్ని నేనే ఓడించాను. మొత్తానికి తేడా తెలిసింది. తెలిసి, ఆయన పుస్తకాలు ఇంట్లోంచి బయటికి పోయాయి.

"సంతకం పెట్టండి మేడం" అని ఆమె పుస్తకం తెరిచి, కలం నా చేతికిచ్చింది.

పుస్తకం ఒళ్లో పెట్టుకున్నాను. తర్వాత ఉమాశంకర్ అని రాశాను. పెద్ద అక్షరాలతో, ఏ అక్షరానికా అక్షరం విడిగా, ఎవరైనా చదువుకునేట్టు రాశాను. నా పేరు రాయలేదు.

దుర్గాభవాని అది చూసింది. అయోమయం ఏమీ లేదు ఆమె మొహంలో. "ఎంత పేమ మేడం!" అని పుస్తకాన్ని కళ్లకద్దుకుని సంచిలో పెట్టుకుంది. బస్సు టైమైందని లేచింది.

ఆయన పేరు ఒక నవల మీద పడటం అదే మొదటిసారి. పడక పడక, ఆయన రాయని నవల మీద పడింది. ఆమె వీధి మలుపు తిరిగాక నేను గుమ్మంలోనే కూర్చుండిపోయి, వచ్చేపోయేవాళ్లు చూస్తున్నారని కూడా లేకుండా, గొంతెత్తి ఏడ్చాను.